అత్తయ్య వినాలనుకున్న జీవిత చరిత్ర

నేను మానకుండా రాసేది ఒక్కటే, చనిపోయినవాళ్ళ జీవిత చరిత్రలు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. బందరులో మా సంఘంలో ఎవరైనా పోతే ముందు పాస్టరుగారికి ఫోన్ వెళ్తుంది, తర్వాత పెట్టె చేసే ఆయనకి, ఆ తర్వాత నాకు. నాన్నగారిది కాస్త రాసిపెట్టాలమ్మా, రేపు పదకొండింటికి కూడిక అంటారు. అవతల మనిషి ఏడుస్తూ అడుగుతుంటే కుదరదని ఎలా అంటాం? అంట్లు తోముతున్న చేతులు తుడుచుకుని, ఎక్కడ పుట్టారు, ఎప్పుడు రక్షణ పొందారు, పిల్లలెంతమంది అని అడిగి రాసుకుంటాను.

మావాళ్ళ పద్ధతి ఇది. సమాధికి తీసుకెళ్ళే ముందు పెట్టె పక్కన నిలబడి ఎవరో ఒకరు పోయిన మనిషి జీవిత చరిత్ర చదవాలి. దానికో వరస ఉంది. ఫలానా ఊళ్ళో భక్తిగల కుటుంబంలో పుట్టారు, ఫలానా అయ్యగారి వర్తమానం విని రక్షణ పొందారు, ఫలానావారిని వివాహమాడారు, బిడ్డల్ని కష్టపడి చదివించారు, ప్రార్థనాపరులు, స్వల్ప అస్వస్థతతో ప్రభువునందు నిద్రించారు. మూడేళ్ళు మంచానపడి ఇంటిల్లిపాదినీ ఏడిపించి పోయినా సరే, స్వల్ప అస్వస్థతే. దివిసీమ నుంచి వచ్చినవాళ్ళకైతే ఇంకో వాక్యం కచ్చితంగా పడాలి. ఉప్పెన నుంచి దేవుడు అద్భుతంగా కాపాడాడని. డెబ్బై ఏడులో వచ్చిన ఉప్పెన సంగతి మా వైపు చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆ వాక్యం లేకపోతే బంధువులు ఊరుకోరు. ఉప్పెన మర్చిపోయావమ్మా అని చెవిలో గొణుగుతారు.

ఈ పని నా నెత్తినెక్కింది మా మావయ్యగారు పోయినప్పుడు. ఇంట్లో అందరూ ఏడుపులో ఉన్నారు, పాస్టరుగారు కాగితం ఏదని అడుగుతున్నారు. కోడలు పిల్ల తెలుగు బాగా రాస్తుంది కదా అని ఎవరో అన్నారు. కూర్చుని రాశాను. అందులో మా అత్తయ్య గురించి ఒక మాట ఉంది. ఉప్పెనలో తనవాళ్ళందరినీ పోగొట్టుకుని, దేవుని కృపవల్ల ప్రాణాలతో బయటపడ్డ ఒంటరి ఆడపిల్లని వివాహమాడి ఆదరించారని రాశాను. అది చదివేసరికి షామియానా కింద ఒక్కరికీ కన్నీళ్ళు ఆగలేదు. మా అత్తయ్య మాత్రం తెల్లచీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. ఆ రోజు నుంచి నేను ఆస్థాన రచయిత్రిని అయిపోయాను, జీతం లేని ఉద్యోగం.

నాకు కావలసింది ఇది కాదు. నాకు కథలు రాయాలని ఉంది. డిగ్రీ చదివేటప్పటి నుంచీ ఉంది, ఇప్పుడు జుట్టుకి రంగేసుకునే వయసొచ్చినా ఉంది. కానీ ఎప్పుడు రాయను? గుడివాడలో ఓ ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్నే వంట చేసి, మా ఆయనకి క్యారేజీ కట్టి, ఆటో పట్టుకుని స్టేషనుకి పరిగెత్తి, పాసింజరు ఎక్కేసరికే సగం చచ్చిపోతాను. మా ఆయనది చిలకలపూడిలో గిల్టు నగల షాపు, ఆయన తీరిగ్గా తొమ్మిదింటికి బయల్దేరతాడు. సాయంత్రం తిరిగొచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడాలి. ఇహ కథట, కథ. నా తలకాయ.

అయినా ప్రయత్నం చెయ్యలేదని ఎవరూ అనకూడదు. రచయిత కావాలంటే ఏం చెయ్యాలి అని యూట్యూబులో బోలెడంతమంది చెబుతున్నారు. రోజూ ఒకే టైముకి కూర్చోమన్నాడొకాయన. ఆయన వెనక గోడనిండా పుస్తకాలు, టేబుల్ మీద కాఫీ కప్పు. ఆ కాఫీ ఎవరు పెట్టిచ్చారో మాత్రం చెప్పలేదు. సరే, రైల్లో రాద్దామనుకున్నాను. పెడన దాటేవరకూ సీటు దొరకదు. దొరికాక పక్కన కూర్చున్నావిడ నా ఫోన్లోకి తొంగిచూసి, ఏం రాస్తున్నారండీ, అప్పుల లెక్కలా అంటుంది. గుడ్లవల్లేరు వచ్చేసరికి కళ్ళు మూతలు పడతాయి. నిద్రలో తల ఆవిడ భుజం మీద వాలుతుంది. ఇంక తెల్లవారుజామున లేద్దామనుకుని అలారం పెట్టాను. లేచాను కూడా. తెల్లకాగితం ముందు కూర్చుంటే పప్పు నానబెట్టలేదన్న సంగతి తప్ప ఇంకేమీ తట్టలేదు.

ఏం రాయాలన్నది ఇంకో తలనొప్పి. చుట్టూ ఉన్న మనుషుల్ని చూడండి, కథలు అవే వస్తాయి అని ఒకావిడ చెప్పింది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక గిలకలదిండి రేవుకి వెళ్ళాను, పడవలొచ్చే టైముకి. చేపలు వేలం వేసేవాళ్ళ అరుపులు, ఐసు పెట్టెలు, కొంగు బిగించుకున్న ఆడవాళ్ళు. నేనో మూల నిలబడి మనుషుల్ని చూస్తున్నాను. ఒకావిడ వచ్చి, ఏం కావాలమ్మా, అప్పట్నుంచీ చూస్తున్నావ్, కొంటావా లేదా అని గట్టిగా అడిగింది. సిగ్గుపడి కేజీ మాగ చేప కొనుక్కుని ఇంటికొచ్చాను. కథ రాలేదుగానీ పులుసు బాగా కుదిరింది.

నిజం చెప్పాలంటే నాకు కథ ఎక్కడుందో తెలుసు. మా ఇంట్లోనే, హాల్లో కిటికీ పక్క మంచం మీద ఉంది. మా అత్తయ్యది దివిసీమలో సముద్రానికి దగ్గర ఊరు. కోడూరు దాటి ఇంకా లోపలికి వెళ్ళాలి. ఉప్పెనలో అమ్మ, నాన్న, ఇద్దరు తమ్ముళ్ళు, అందరూ పోయారు. ఈవిడ ఒక్కతే మిగిలింది. అప్పటికి పెళ్ళి కాలేదు, పందొమ్మిదో ఇరవయ్యో. ఎలా బతికింది? చెట్టు పట్టుకుందా, ఇంటి కప్పు మీద కొట్టుకొచ్చిందా? పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఒక్క ముక్క నాకు తెలీదు. ఎప్పుడడిగినా, ఆ గొడవ ఇప్పుడెందుకే, బియ్యంలో రాళ్ళున్నాయి చూడు అనేది. నేను మాత్రం ఆశ వదల్లేదు. ఏదో ఒకరోజు నోరు విప్పుతుంది, నేను రాస్తాను, అది చదివి జనం నన్ను రచయిత్రి అంటారు అని లోపల్లోపల పెద్ద పథకమే వేసుకున్నాను.

ఏటా నవంబరులో మా మందిరంలో ఉప్పెన జ్ఞాపకార్థం ప్రత్యేక ప్రార్థన పెడతారు. దివిసీమ నుంచి వచ్చి బందరులో స్థిరపడ్డ కుటుంబాలు మా సంఘంలో చాలా ఉన్నాయి. ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెబుతారు. తాటిచెట్టుకి చీరతో కట్టేసుకున్నామని ఒకరు, గేదె తోక పట్టుకుని ఈదామని ఒకరు. పాస్టరుగారు మా అత్తయ్య వైపు చూసి, అమ్మా మీరు రెండు మాటలు అంటారు. ఆవిడ లేచి నిలబడుతుంది. చీర చెంగు వేళ్ళకి చుట్టుకుంటుంది. పెదాలు కదుపుతుందిగానీ మాట రాదు. కాసేపు చూసి, ఆ దుఃఖం అలాంటిది, మాటలకందదు అని పాస్టరుగారే ప్రార్థన ఎత్తుకుంటారు. అందరూ కళ్ళొత్తుకుంటారు. ఆవిడ కూర్చుంటుంది. ఇది ప్రతి ఏడాదీ జరిగేది.

కిందటేడు వేసవిలో ఆవిడకి ఆయాసం ఎక్కువైతే గుడివాడలో గుండె డాక్టరుకి చూపించాం. గుండె బాగా బలహీనపడిందనీ, ఆపరేషనుకి తట్టుకోదనీ, మందులతో ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళనీ ఆయన మెల్లగా చెప్పారు. మాకే చెప్పాననుకున్నారుగానీ ఆవిడ తలుపు పక్కనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు కారు బందరు దగ్గరికొచ్చాక, దారిలో పుచ్చకాయలు అమ్ముతున్నారు, ఒకటి తీసుకోండ్రా అంది.

తర్వాత ఓ వారానికి మా పక్క వీధిలో ఒక పెద్దాయన పోయారు. ఎప్పటిలాగే రాసిచ్చాను, చదివాను. ఇంటికొచ్చి చీర మార్చుకుంటుంటే అత్తయ్య పిలిచింది.

"నాది ఎప్పుడు రాస్తావే?"

ఏం మాటలండీ అవి అని కసిరాను. ఆవిడ ఊరుకోలేదు. రాయక తప్పదు కదా, ఎలాగూ నువ్వే రాస్తావ్, అదేదో నేనుండగానే రాసి నాకు చదివి వినిపించు అంది. పోయాక చదివితే ఊరంతా వింటారుగానీ నాకేం వినపడుతుంది, నా గురించి ఏం చదువుతారో నాకు తెలియాలి అంది. గొంతులో వేళాకోళం లేదు.

మా ఆయనకి తెలిసి ఇంతెత్తున లేచాడు. బతికున్న మనిషికి చావు కాగితం రాస్తారా, బుద్ధుందా అని నామీద పడ్డాడు. అదేదో నేనే పుట్టించినట్టు. నాకు ఒళ్ళు మండింది. మీ అమ్మనడగండి అన్నాను. ఆయన అడగలేదు. మంచం దగ్గరికెళ్ళి దుప్పటి సర్ది, షాపుకి వెళ్ళిపోయాడు. తల్లి పోతుందన్న మాటని ఆ ఇంట్లో ఎవరూ పైకి అనకూడదన్నది ఆయన నియమం. నాకు మాత్రం భయంతోపాటు, దాచడం ఎందుకు, ఆశ కూడా కలిగింది. ఇన్నాళ్ళకి ఉప్పెన కథ బయటికొస్తుంది అనుకున్నాను.

ఆవిడకి నిద్ర తక్కువ. కోడి కూయకముందే లేచి కూర్చుంటుంది. నేను లేవకపోతే దగ్గుతుంది. అప్పటికీ లేవకపోతే చేతికర్రతో మంచంకోడు మీద కొడుతుంది. లేచి, ఇద్దరికీ టీ పెట్టి, ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకునేదాన్ని. ఆవిడ చెప్పేది, నేను రాసేదాన్ని. సాయంత్రం రైలు దిగి ఇంట్లో అడుగు పెట్టగానే, చెప్పులు విప్పకముందే, పొద్దున చెప్పింది సరిగ్గా రాశావా, చదువు అనేది. ఒళ్ళు హూనమై వచ్చిన మనిషిని, కాసిని మంచినీళ్ళన్నా తాగనివ్వండి అత్తయ్యా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. చదవకపోతే మందు వేసుకునేది కాదు. ఇంక చేసేదేముంది, వంటింటి గడపలో నిలబడి చదివేదాన్ని, పొయ్యి మీద కూర మాడుతుంటే.

ఆవిడ చెప్పినవి ఏమిటనుకున్నారు? చిన్నప్పుడు బడిలో పంతులుగారి పెన్ను పారేసి పరిగెత్తడం. వాళ్ళమ్మ ఎండు రొయ్యల పొడిలో చింతాకు వేసే పద్ధతి. పెళ్ళయి బందరొచ్చిన కొత్తలో గిల్టు గొలుసులకి ఇంట్లో కూర్చుని లింకులు అతికే పని. అది ఎంత సన్నటి పనంటే, రాత్రి కళ్ళు మూసుకున్నా లింకులే కనపడేవట. మా ఆయన పదో తరగతి ఫీజు ఆ గొలుసుల మీదే కట్టిందట, మావయ్యగారు కట్టారని ఇన్నాళ్ళూ మేమనుకున్నాం. ఒకరోజు ఏమీ చెప్పకుండా, మీ మావయ్య గురక గురించి రాయి అంది. అది జీవిత చరిత్రలో ఎందుకండీ అంటే, ముప్పై ఏళ్ళు నిద్రపోకుండా విన్నది నేను, నా జీవితం కాక మరెవరిది అంది. రాశాను.

నేను రాసింది చదివితే ఊరికే మెచ్చుకునేది కాదు. ప్రార్థనాపరురాలు అని ఒకచోట రాస్తే కొట్టేయించింది. ఆవిడ సగం ప్రార్థనల్లో కునికేదట, ఆ సంగతి దేవుడికి తెలుసట. అతిథులంటే ప్రీతి అంటే, ఎవరికి ప్రీతి, భోజనాల టైముకి వచ్చేవాళ్ళని చూస్తే నాకు మంటగా ఉండేది అంది. నాకు నవ్వొచ్చింది. చేతికొచ్చిన వాక్యాలన్నీ ఇలా ఒక్కొక్కటే తీయించేస్తుంటే, మొదట్లో చిరాకొచ్చిన మాట నిజం. తర్వాత రైల్లో నిద్ర రావడం మానేసింది. ఆవిడ పొద్దున చెప్పినదాంట్లో ఏ మాట ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చునేదాన్ని. కవుటరం స్టేషను ఎప్పుడు దాటానో తెలిసేది కాదు. రోజూ రాస్తున్నాను అన్న సంగతి నాకు తట్టింది వానలు మొదలయ్యాక. యూట్యూబు పెద్దమనిషి చెప్పలేదుగానీ, రాయడానికి నన్ను కూర్చోబెట్టింది కర్ర పట్టుకున్న మా అత్తయ్య.

ఉప్పెన మాత్రం రాలేదు. ఆ ఏడాది దగ్గరికొచ్చేసరికి మాట మార్చేది. మోపిదేవి తిరనాళ్ళలో గాజులు కొనుక్కున్న సంగతి చెప్పి, అక్కడి నుంచి ఒక్క గెంతులో పెళ్ళిలోకి వచ్చేసేది. మధ్యలో ఏం జరిగింది అత్తయ్యా అంటే, ఆయాసంగా ఉందే, రేపు చూద్దాం అనేది. ఆయాసం నిజమే. వినాయకచవితి వెళ్ళాక ఆవిడ బాత్రూమ్ దాకా నడవలేకపోయింది. పాదాలు ఉబ్బాయి. నాకు తొందర పట్టుకుంది. ఆవిడకి వినిపిస్తానని మాటిచ్చాను, పూర్తి చెయ్యకుండా ఆవిడ పోతే ఎలా? చెప్పనిదాన్ని ఎన్నాళ్ళని ఖాళీగా ఉంచను? అందరికీ రాసినట్టే ఒక వాక్యం రాసేశాను. మొత్తం కాపీ చేసి, ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, మంచం దగ్గర కూర్చుని మొదటి నుంచీ చదివాను.

కళ్ళు మూసుకుని వింది. పెన్ను దగ్గర నవ్వింది. గాజుల దగ్గర చెయ్యి కదిపింది. "ఉప్పెన నుంచి దేవుడు వీరిని అద్భుతంగా కాపాడి" అని చదివాను. కళ్ళు తెరిచింది.

"అది తీసెయ్. నేను ఉప్పెనలో లేను."

నాకు అర్థం కాలేదు. మందుల మగతేమో అనుకున్నాను. ఆవిడ దిండు మీద కాస్త లేచి కూర్చోబెట్టమంది. కూర్చోబెట్టాను. ఊపిరి అందినప్పుడల్లా కొంచెం కొంచెంగా చెప్పింది.

గుడివాడలో వాళ్ళ పిన్ని ఉండేది. పిన్నికి ఒంట్లో బాగాలేదు, చూసొస్తానని ఇంట్లో అబద్ధం చెప్పి గురువారం బస్సెక్కింది. అసలు పని సినిమా. అప్పుడు మావాళ్ళలో సినిమాకి వెళ్ళడమంటే పాపం కిందే లెక్క. సంఘంలో తెలిస్తే ప్రభురాత్రి భోజనం ఇవ్వరు, నాన్న అయితే కాళ్ళు విరగ్గొట్టేవాడే. శుక్రవారం సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేస్తానని అమ్మకి చెప్పింది. శుక్రవారం ఆటకి టిక్కెట్లు దొరకడంతో బస్సు వదిలేసింది. శనివారం పొద్దున బయల్దేరదామంటే గాలి, వాన, బస్సుల్లేవు. రోజంతా పిన్ని ఇంట్లో తలుపులకి బల్లలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆ సాయంత్రమే అక్కడ సముద్రం ఊరిమీద పడింది. ఆ సంగతి ఈవిడకి తెలియను కూడా తెలియదు.

దారులు తెరిచాక బాబాయి తీసుకెళ్ళాడు. ఇల్లు లేదు. ఇల్లున్న చోటు ఇదేనా అని కూడా తెలియలేదట. అమ్మావాళ్ళు దొరకలేదు. అక్కడ బురదలో నిలబడి ఉంటే మిషన్‌వాళ్ళు వచ్చి దుప్పటి కప్పారు. ఈ పిల్ల ఒక్కతే మిగిలింది అని ఎవరో అన్నారు. చీర ఇచ్చారు, అన్నం పెట్టారు, హాస్టల్లో చేర్చుకున్నారు. నేను ఇక్కడ లేనండీ అని ఆవిడ అనలేదు. ఎక్కడున్నావని అడిగితే సినిమా సంగతి చెప్పాలి. పిన్ని కూడా, చచ్చినా ఆ మాట బయటపెట్టకు అంది. ఆ పిన్నీ బాబాయీ పోయి చాలా కాలమైంది. తర్వాత మావయ్యగారి సంబంధం వచ్చింది. ఉప్పెనలోంచి బతికొచ్చిన పిల్లని చేసుకుంటే పుణ్యమని వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడు. మావయ్యగారికి కూడా చెప్పలేదు. జాలితో చేసుకున్న మనిషి, చెబితే ఆ జాలి ఏమవుతుందోనని భయపడిందట.

"ప్రతి నవంబరుకీ లేపి నిలబెడతారు. దేవుడు కాపాడాడని ఎలా చెప్పనే? సినిమా కాపాడింది నన్ను. అమ్మకి చెప్పిన మాట ప్రకారం వచ్చుంటే నేనూ వాళ్ళతోనే పోయేదాన్ని."

ఆవిడ నా చేతిలో కాగితం వైపు చూసింది. మీ మావయ్యది నువ్వు చదివినప్పుడే లేచి చెబుదామనుకున్నాను, కాళ్ళు రాలేదు అంది. ఇప్పుడు నాది కూడా ఆ మాటతోనే చదువుతారు, పెట్టెలో పడుకుని ఉంటాను, లేచి కాదనడానికి లేదు, అదొక్కటే నా బాధ అంది. ఇన్నేళ్ళుగా నేను చూస్తున్న మనిషి, ఒక్కసారి కూడా నన్ను బతిమాలని మనిషి, నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు.

ఆ సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తూ ఏడ్చాను. ఆవిడ కోసం ఏడ్చానా అంటే, అంతా ఆవిడ కోసమే కాదు. ఇన్నేళ్ళు నేను దాచుకున్న కథ, తాటిచెట్టు, ఇంటికప్పు, కొట్టుకొచ్చే గేదెలు, అంతా నేను ఊహించుకున్నదే. ఆవిడ ఆ రాత్రంతా పొడిబట్టలతో గుడివాడలో ఉంది. పెద్ద రచయిత్రినవుదామనుకున్నదాన్ని, నా చేత్తో రోజూ అన్నం పెట్టిన మనిషిని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఏటా అందరి ముందూ ఆవిడ అలా నిలబడిపోవడం చూసి, అబ్బ, ఎంత మంచి కథ అనుకున్నాను. నామీద నాకే రోతపుట్టింది. బాగా అలిసిపోయాను కూడా. పొద్దున పాసింజరు ఉంది, క్యారేజీ ఉంది, ఇవన్నీ మామూలుగానే ఉంటాయి.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టాను. రాయడం ఇంత కష్టమని అప్పుడే తెలిసింది. అందరూ ఉప్పెన అన్నచోట నేను ఏమనాలి? అలంకారాలు పెడితే ఆవిడ తీసేయిస్తుంది. ఊరికే చెప్పాలి. ఉన్నదున్నట్టు. రాసి చింపి, మళ్ళీ రాసి, మధ్యాహ్నానికి నాలుగు వాక్యాలు మిగిలాయి. మా ఆయన భోజనానికి ఇంటికొచ్చే వేళ అది. ఆయన ముందు చదవనా, ఆయన వెళ్ళాక చదవనా అని ఆవిడనడిగాను. వాడుండగానే చదువు, రేపు అందరి ముందూ చదవాల్సింది నువ్వే కదా, వాడు అడ్డుపడితే ఎలా అంది.

ఆయన చేతులు కడుక్కుని వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. కాగితం చూసి మొహం మాడ్చుకున్నాడు. నేను ఆగలేదు, చదివేశాను.

"ఉప్పెన వచ్చిన రోజున వీరు ఊళ్ళో లేరు. ముందురోజు గుడివాడలో సినిమా చూడడానికి ఆగిపోయారు. అమ్మా, నాన్నా, ఇద్దరు తమ్ముళ్ళూ పోయారు. తాను ఊళ్ళో లేనన్న మాట ఎవరికీ చెప్పుకోలేక వీరు నలభై ఏళ్ళకి పైగా ఒంటరిగా మోశారు."

మా ఆయన గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. మెల్లగా వచ్చి మంచం చివర, తల్లి పాదాల దగ్గర కూర్చున్నాడు. ఉబ్బిన పాదం మీద చెయ్యి వేశాడు. ఇది చదివితే జనం ఏమంటారమ్మా అన్నాడు చివరికి, చాలా చిన్నగా. అననీరా, నాకు వినపడదు కదా అంది ఆవిడ.

మళ్ళీ చదవమని నాకు సైగ చేసింది. చదివాను. రెండోసారి విన్నప్పుడు ఆవిడ మొహంలో అంతకుముందున్న బిగింపు లేదు. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. బాగా రాశానా అత్తయ్యా అని అడిగాను. నా జీవితంలో ఎవరినీ అంత భయంగా ఆ మాట అడగలేదు. తలుపు వైపు, కొడుకు వైపు, నా వైపు చూసింది.

"ఒకటి వదిలేశావే," అంది. "సినిమా బాగుంది. చాలా నవ్వాను. అది కూడా రాయి."